గంటకు ఎనిమిది నిమిషాల ముందు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన టైమ్ అక్కడే అయిపోతుంది, క్షమించాలి. హార్మోనిక్స్‌తో, అంటే 50 హెర్ట్జ్‌కు రెట్లుగా వచ్చే అదనపు అలలతో, మొదలుపెడదామనుకున్నాను. ఇందాక టీ దగ్గర ఒక కుర్రాడు, "మీటర్లో వోల్టేజీ బాగానే ఉంది సార్, అయినా మెషీన్ ఆగిపోతోంది" అన్నాడు. అంతే, నోట్సు మడిచి జేబులో పెట్టేశాను. ఆ మాట ఒకప్పుడు నేనూ మూడు నెలలు అన్నాను.

మా ప్లాంటులో ఒక డ్రైవు, అంటే మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం, పొద్దున్నే 'అండర్ వోల్టేజ్' అని చూపించి ఆగిపోయేది. వోల్టేజీని కొలిచి రాసుకునే రికార్డర్ పెట్టాం. పది నిమిషాల సగటు గీత నిండు చెరువులా కదలకుండా ఉంది. ఉండదా మరి? 50 హెర్ట్జ్‌లో పది నిమిషాలంటే 30,000 సైకిళ్లు. అందులో ఒక్క సెకను వోల్టేజీ 70 శాతానికి పడిపోతే, 230 వోల్టుల సగటులో తగ్గేది వోల్టులో పదో వంతు! సగటుకు తెలియదు, డ్రైవుకు తెలుస్తుంది.

అప్పుడు బుద్ధొచ్చి, 90 శాతం కిందికి దిగితే వేవ్‌ఫాం, అంటే ఆ క్షణపు వోల్టేజీ అల ఆకారం, పట్టుకునేలా సెట్ చేశాం. పట్టింది. టైమ్ 6:52. మా లాగ్‌బుక్‌లో ఆ టైమ్‌కి ఏమీ లేదు. ఇంకేం, తప్పు బయటిదేనని సప్లై వాళ్లకు ఉత్తరం మీద ఉత్తరం. రాసింది నేనే, కాస్త ఘాటుగానే రాశాను. వాళ్లు తమ రికార్డు పట్టుకొచ్చారు. అందులో 6:52కి ఏమీ లేదు. మా ఎలక్ట్రీషియన్ ఒకాయన రికార్డర్ వైపు చూసి, చేతి వాచీ చూసుకుని, "సార్, ఇది ఎనిమిది నిమిషాలు వెనక నడుస్తోంది" అన్నాడు.

ఏడింటికి మా పెద్ద కంప్రెసర్ స్టార్టవుతుంది! ఒక్కసారిగా కరెంటు లాగి వోల్టేజీని పడేసేది అదే.

వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంపులు వేసి ఉంటే మొదటి రోజే తేలేది. వోల్టేజీ పడిన క్షణంలోనే మన ఇన్‌కమర్‌లో, అంటే బయటి సప్లై లోపలికొచ్చే లైనులో, కరెంటు ఎగిరిందంటే, ముందు మన గేటు లోపలే వెతకాలి. మా క్లాంపులు పెట్టెలోనే ఉన్నాయి. బద్ధకం, ఇంకేమీ కాదు. సప్లై నాణ్యతను కొలిచే పద్ధతులకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 61000-4-30లో, అన్నిటికన్నా కచ్చితమైన క్లాస్ ఏ పరికరానికి గడియారం తేడా 50 హెర్ట్జ్ దగ్గర 20 మిల్లీసెకన్లు దాటకూడదని ఉంది. మాది ఎనిమిది నిమిషాలు!

చేతులెత్తండి, రికార్డర్ పెట్టేముందు టైమ్ సరిచూసుకునేవాళ్లు ఎంతమంది? ...సరే, దించండి.

గంట కొడుతున్నారు. హార్మోనిక్స్ గురించి ఒక్క ముక్క: కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరుకీ క్లాంప్ వేయండి. మూడో హార్మోనిక్ మూడు ఫేజుల నుంచీ వచ్చి అక్కడే కూడుతుంది. ఏదీ, ఇందాకటి కుర్రాడెక్కడ? నువ్వు వెళ్లిపోకు, మీ గ్రాఫు చూద్దాం.