పాత జెన్‌లో టిక్ టిక్: అతుకు వేద్దామా, మారుద్దామా?

తమ్ముడు: రికార్డింగ్ ఆన్ అయింది అక్కా. అందరికీ నమస్కారం, తిరుపతి నుంచి మళ్లీ మేమే. పోయినసారి మాటిచ్చినట్టు ఇవాళ ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ సంగతి. అంటే సిలిండర్ల నుంచి వచ్చే పొగను ఒకే పైపులోకి చేర్చే గొట్టాల ముక్క. పగిలితే ఎట్లా విప్పాలి, కొత్తది ఎట్లా బిగించాలి, మొదటి నట్టు నుంచి చివరి నట్టు దాకా చెప్పుకుందాం.

అక్క: ఈసారైనా వరసగా చెప్పు. చంద్రగిరి క్లచ్ కథ చేయొద్దు.

తమ్ముడు: ఆ మాట ఎత్తకూడదని బావ ముందరే ఒప్పందం అయింది కదా!

అక్క: సరే, ఎత్తను. బండి ఏది?

తమ్ముడు: 2004 మారుతి జెన్. 993 సీసీ, నాలుగు సిలిండర్లు. మంగళం దగ్గర ఉండే శ్రోత ఒకాయనది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్ టిక్ అంటుందంట, అలిపిరి చేరేలోపు తగ్గిపోతుందంట. ట్యాపెట్ల, అదే వాల్వులను తెరిచే భాగాల, సౌండేమో అని రెండుసార్లు సెట్ చేయించాడు. అయినా పోలేదు.

అక్క: యాడ పోతుంది? వేడెక్కేకొద్దీ తగ్గుతోందంటే ముందు మేనిఫోల్డ్ చూడాలి. వేడికి ఇనుము సాగి పగులు మూసుకుంటుంది, చల్లారితే మళ్లీ తెరుచుకుంటుంది. దాని మీది వేడి అడ్డు రేకు, హీట్ షీల్డ్, విప్పి టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది, పగులు వెంబడే కాటుక దిద్దినట్టు మసి గీత ఉంటుంది.

తమ్ముడు: ఫోటో పంపాడు. సరిగ్గా అదే గీత. రెండో గొట్టం, మూడో గొట్టం కలిసే మూల నుంచి కిందికి దిగింది.

అక్క: ఆ మూలే పగులుతుంది. రెండు పక్కల నుంచీ వేడి వచ్చి చేరే చోటు అది. బండి తప్పేం లేదు, ఇరవై ఏళ్లు దాటిన బీడు, అంటే పోత ఇనుము. కానీ ఒక్కటి అడుగుతా. ఈయన తిరుమల కొండెక్కాక ఇంజిన్ మీద నీళ్లు కొట్టాడా?

తమ్ముడు: వచ్చేసింది నీళ్ల మాట.

అక్క: వస్తుంది, వదలను. రెండో ఘాట్‌లో ఐదుగురిని, సామాన్లను వేసుకుని సెకండ్ గేర్‌లో లాక్కుంటూ పైకి పోతాం. మేనిఫోల్డ్ ఆరు వందల డిగ్రీలు దాటి కాలుతూ ఉంటుంది. పైన ఆపగానే బానెట్ ఎత్తి బాటిల్ నీళ్లు గుమ్మరిస్తారు. రేడియేటర్ మీద పోశామనుకుంటారు, సగం పడేది దీని మీదే. బీడు ఆ దెబ్బకు తట్టుకోదు. దిగేటప్పుడు మొదటి ఘాట్‌లో యాక్సిలరేటర్ మీద కాలు పెట్టే పని ఉండదు, ఇంజిన్ బ్రేకింగే. అప్పుడు మేనిఫోల్డ్ చల్లబడుతూ వస్తుంది. ఒక్క పూటలో అంత సాగుడూ అంత ముడుచుకోవడమూ మన ఊరి బండ్లకు మామూలైపోయింది.

తమ్ముడు: లెక్క చెప్పు, నీకు ఇష్టం కదా.

అక్క: బీడు ఒక మీటరు పొడవుంటే ఒక్కో డిగ్రీకి దాదాపు 11 మైక్రాన్లు సాగుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ముప్పై సెంటీమీటర్ల ముక్క 600 డిగ్రీలు ఎక్కితే సుమారు రెండు మిల్లీమీటర్లు. అది బిగించి ఉన్న హెడ్, అంటే సిలిండర్ల పైమూత, అల్యూమినియం. దాని సాగుడు గుణం రెండింతలు, కానీ నీళ్ల చల్లదనంలో ఉంటుంది కాబట్టి అంత వేడెక్కదు. రెండూ ఒకేలా కదలవు. అందుకే మేనిఫోల్డ్ రంధ్రాలు స్టడ్ కంటే, అదే నట్టు ఎక్కించే మర కడ్డీ కంటే, కాస్త పెద్దగా ఉంటాయి, జరగడానికి చోటు ఉండాలని. తుప్పు పట్టి ఆ చోటు పూడిపోయిందా, ఇంక పగలడమే దారి.

తమ్ముడు: బాగుంది. ఇప్పుడు విప్పే పని. ముందు రోజు రాత్రే నట్ల మీద రస్ట్ ఆయిల్ వేసి... అక్కా, ఆయన చివర్లో ఇంకో మాట అడిగాడు. వెల్డింగ్ పెట్టిస్తే సరిపోదా అని. నేనైతే సరిపోతుందనే అంటా.

అక్క: అనొద్దు.

తమ్ముడు: ఎందుకనకూడదు? రేణిగుంట రోడ్డులో వెల్డింగ్ మాస్టర్ ఉన్నాడు కదా, పాత అంబాసిడర్ మేనిఫోల్డ్లు, ట్రాక్టర్ హౌసింగులు ఎన్ని అతికాడు! పగులు రెండు కొసల్లో చిన్న రంధ్రం వేస్తాడు, అక్కడితో పగులు ఆగేట్టు. మధ్యలో వి ఆకారంలో గ్రైండ్ చేస్తాడు. ముక్క మొత్తాన్ని మంట మీద కాల్చి, నికెల్ రాడ్‌తో అంగుళం అంగుళం పెట్టుకుంటూ పోతాడు. పెట్టిన ప్రతిసారీ సుత్తితో సన్నగా తడతాడు. అయిపోయాక పొడి ఇసకలో పూడ్చి రాత్రంతా వదిలేస్తాడు. అదీ పనంటే!

అక్క: ఆయన పనిని నేను తక్కువ చేయలేదు. గొప్ప చెయ్యి. కానీ ట్రాక్టర్ హౌసింగ్ ఆరు వందల డిగ్రీల్లో కాలదు నాయనా. ఇది ఇరవై ఏళ్లు పొగ పట్టిన ఇనుము. పైన గీకితే మెరుస్తుంది, లోపలంతా కాలిపోయి ఉంటుంది. అతుకు పట్టినట్టే కనిపిస్తుంది, పక్కనే కొత్త పగులు పుడుతుంది.

తమ్ముడు: ఇసకలో ఎందుకు పెడతాడనుకున్నావు? మెల్లగా చల్లారాలనే కదా. గబుక్కున చల్లారితే అతుకు అంచు గాజులాగా పెళుసైపోతుంది. ఆయనకది తెలుసు.

అక్క: ఆయనకు తెలుసు. మన శ్రోత ఆయన దగ్గరికే పోతాడని నీకేం తెలుసు? సందు చివర కనబడిన షెడ్డుకు పోతాడు. గేట్లకు వాడే మామూలు రాడ్డుతో అరగంటలో పెట్టి, చల్లారాలని నీళ్లలో ముంచి ఇస్తారు. మళ్లీ నీళ్లు, చూశావా?

తమ్ముడు: అన్నీ నీళ్ల దగ్గరికే తెస్తావు. సరే, సామాను దొరకాలి కదా. జెన్ తయారీ 2006లోనే ఆగిపోయింది. కొత్త మేనిఫోల్డ్ యాడుంది?

అక్క: మద్రాసు పుదుపేటలో చూడొచ్చు. పాత బండ్ల సామాన్లకు మనవాళ్లు ఎప్పుడూ పోయేదే కదా.

తమ్ముడు: అదీ పాతదే. ఇంకొకరి బండిలో కాలిన ఇనుమే. దాన్ని నమ్ముతావు, మాస్టర్ చేతిని నమ్మవు.

అక్క: పగలని పాతదానికీ పగిలి అతికినదానికీ తేడా లేదా? కొనేముందు అంగట్లోనే వేలాడదీసి చిన్న స్పానర్‌తో తట్టాలి. గంటలాగా మోగితే సరే, మొద్దు శబ్దం వస్తే లోపల పగులున్నట్టే. హెడ్‌కు ఆనే ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి, కింద ఫీలర్ గేజ్, అదే సందు కొలిచే పలుచని రేకు, దూర్చి చూడాలి. వంకర ఉంటే లేత్‌లో ఫేసింగ్ కొట్టించాలి, ముఖం చదునయ్యేట్టు.

తమ్ముడు: వంకర వెల్డింగ్ ముక్కకూ వస్తుంది. దానికీ ఫేసింగే. ఖర్చు సమానం.

అక్క: ఖర్చు పక్కన పెట్టు. ఆ బండిలో వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు?

తమ్ముడు: ఇద్దరు పిల్లలు అన్నాడు.

అక్క: అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. పగులులోంచి వచ్చేది సౌండు ఒక్కటే కాదు, కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఘాట్ ఎక్కేటప్పుడు అద్దాలు మూసి, ఏసీ కోసం బ్లోయర్ తిప్పితే బయటి గాలి వచ్చేది బానెట్ వెనక నుంచే. పిల్లలకు తలనొప్పి, వాంతి వస్తే మలుపుల వల్లేమో అనుకుంటాం. అతుకు ఎప్పుడు వదులుతుందో ఎవరికీ తెలియదు.

తమ్ముడు: ఊ...

అక్క: ఏం, మాట్లాడవే?

తమ్ముడు: ఆ మలుపుల వాంతి మాట. మనం చిన్నప్పుడు నాన్న వ్యాన్‌లో పోయేటప్పుడు నీకు ప్రతిసారీ అయ్యేది.

అక్క: అయ్యేది. అందుకు అదే కారణమని అనను. కానీ గుర్తొస్తుంది.

తమ్ముడు: సరే. శ్రోత అన్నా, ఆ బండిలో పిల్లల్ని ఎక్కించొద్దు. మార్చే దాకా కొండకు బస్సులో పోండి. వెల్డింగ్ మీద నా మాట నాదే, అది వేరే.

అక్క: ఇప్పుడు పని చెప్పు, టైమైపోతోంది.

తమ్ముడు: గబగబా చెప్తా. బ్యాటరీ వైరు తీయాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఆక్సిజన్ సెన్సర్, హీట్ షీల్డ్, కింద పైపు జాయింటు. నట్టు రాకపోతే బలం పెట్టొద్దు, కొంచెం బిగించి మళ్లీ వదులు చేయాలి. అప్పటికీ కదలకపోతే నట్టును కాల్చాలి.

అక్క: కాల్చినాక నీళ్లు...

తమ్ముడు: పోయం! స్టడ్ విరిగితే అక్కడే ఆగిపోవాలి. హెడ్ అల్యూమినియం, డ్రిల్ పక్కకు జారితే మరమ్మతు పెద్దదైపోతుంది. లేత్ వాళ్లను పిలవాలి. పాత ప్యాకింగ్ గీకి తీసేసి కొత్తది వేయాలి, నట్లూ కొత్తవే. మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో, మాన్యువల్‌లో ఉన్న బిగింపు బలం, టార్క్‌కు బిగించాలి. ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ చూసుకోవాలి.

అక్క: సెన్సర్ సంగతి చెప్పు. పగులులోంచి గాలి లోపలికి లాగితే సెన్సర్ దాన్ని చూసి పెట్రోలు తక్కువైందనుకుంటుంది, కంప్యూటర్ ఎక్కువ పోయిస్తుంది. ఆయన మైలేజీ పడిపోయి ఉంటుంది, అడుగు.

తమ్ముడు: అడుగుతా. మాస్టర్‌ను కూడా వచ్చేసారి మైకు ముందుకు తీసుకొస్తా, అతుకు గురించి ఆయన్నే అడుగు.

అక్క: తీసుకురా. పిల్లలు కూర్చునే బండికి వేస్తావా స్వామీ అని మొదటి ప్రశ్న అదే అడుగుతా.

తమ్ముడు: ఇంజిన్ మీద నీళ్లు పోస్తావా అనేది రెండోదా?

అక్క: అదే. బావ ఫోన్ చేస్తున్నాడు, ఆపెయ్.