వార్డు అభ్యర్థిని ఏమని అడగాలి?

(స్టూడియో చర్చ లిఖిత రూపం. పేర్లు వేయవద్దని పాల్గొన్నవారు కోరినందున హోదాలతోనే ప్రస్తావించాము.)

సమన్వయకర్త: నమస్కారం. చిన్న పట్టణపు పురపాలక మండలికి పోటీ చేసే అభ్యర్థిని ఓటరు దేన్నిబట్టి తూచాలన్నది ఈనాటి చర్చ. ఒక విశ్రాంత మున్సిపల్ కమిషనరు, రెండు దఫాలు కౌన్సిలరుగా పనిచేసిన ఒక సభ్యురాలు, స్థానిక పాలనను బోధించే ఒక అధ్యాపకుడు మనతో ఉన్నారు. కమిషనరు గారూ, ఇంటి గుమ్మంలో అభ్యర్థి కరపత్రం పెట్టి వెళ్తాడు. అందులో మీరు మొదట చూసేదేమిటి?

విశ్రాంత కమిషనరు: అందులో రాసిన పనులు మండలి చేతిలో ఉన్నవేనా కాదా అన్నదే మొదట చూస్తాను. డిగ్రీ కళాశాల, వంద పడకల ఆసుపత్రి, పోలీసు ఔట్‌పోస్టు తెస్తామని రాసిన కరపత్రాలు నా ఉద్యోగ జీవితంలో ఎన్నో చూశాను. వాటిలో ఏదీ కౌన్సిల్ తీర్మానంతో వచ్చేది కాదు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో 18 అంశాలను చేర్చింది. మంచినీరు, పారిశుధ్యం, వీధి దీపాలు, జనన మరణాల నమోదు, శ్మశానాలు అందులోవే. అయితే ఈ అధికారాలను రాష్ట్ర శాసనసభ పురపాలికలకు ఇవ్వవచ్చునని 243డబ్ల్యు అధికరణం అంటుందే తప్ప, ఇచ్చి తీరాలని అనదు. కళాశాల తెస్తానన్న అభ్యర్థి అబద్ధమాడుతున్నాడని నేననను. ఏ పని ఎవరిదో తెలియకనే అలా రాసి ఉండవచ్చు. ఈ రెండింటిలో ఏది తక్కువ ప్రమాదమో ఓటరే తేల్చుకోవాలి.

అధ్యాపకుడు: ఇది మనకొక్కరికే ఉన్న ఇబ్బంది కాదు. ఇంగ్లండులో పట్టణ మండళ్లు శ్మశానాలు, బస్ షెల్టర్లు, కూరగాయలు పెంచుకునే స్థలాలు వంటివి చూసుకుంటాయి. కొత్త ఇళ్లకు అనుమతి ఇచ్చేది పైస్థాయి మండలి. పట్టణ మండలి అభిప్రాయం చెప్పగలదు, అంతే. అయినా కొత్త ఇళ్లను ఆపిస్తామన్న మాట మీదే అక్కడ పోటీకి దిగేవారున్నారు.

మాజీ కౌన్సిలరు: మీరిద్దరూ చెప్పింది చట్టంలో సరిగ్గానే ఉందండీ, వీధిలోకి వస్తేనే నిలవదు. కరెంటు తీగ వేలాడుతున్నా, రేషన్ కార్డు ఆగినా జనం వచ్చేది కౌన్సిలరు ఇంటికే. అది మా శాఖ కాదన్నామంటే మళ్లీ ఎన్నికలకు ఆ గడప తొక్కనివ్వరు. ఆ పని తానే చేస్తానన్న అభ్యర్థిని నేను నమ్మను గానీ, చేసే అధికారి వెంటపడి చేయిస్తానన్నవాడిని మాత్రం తీసిపారేయను. ఆ తేడా కరపత్రంలో తెలియదు. నిలబెట్టి రెండు నిమిషాలు మాట్లాడితే తెలుస్తుంది.

సమన్వయకర్త: మరి ఆ రెండు నిమిషాల్లో మీరైతే ఏమడుగుతారు?

మాజీ కౌన్సిలరు: అజెండా చదువుతావా అని అడుగుతాను. నవ్వకండి. నా మొదటి సమావేశానికి అజెండా పుస్తకం ముందుగానే ఇంటికి వచ్చింది. రాత్రంతా కూర్చుని ప్రతి అంశం పక్కనా పెన్సిలుతో గుర్తులు పెట్టుకుని వెళ్లాను. హాల్లో కూర్చోగానే పిన్ను కొట్టిన రెండు కాగితాలు నా ముందు పెట్టారు. టేబుల్ అజెండా అట. నేను పుస్తకంలో మొదటి పేజీ తిప్పేలోపే అన్ని అంశాలూ ఆమోదించామని చైర్‌పర్సన్ ప్రకటించారు, జనగణమన కోసం అందరూ లేచి నిలబడ్డారు. ఇంటికి వచ్చి చూసుకుంటే ఆ నెల అసలు ఖర్చంతా ఆ రెండు కాగితాల్లోనే ఉంది. తరువాతి సమావేశంలో నా అసమ్మతిని మినిట్స్‌లో రాయించాను. అందుకు నాతో మాట్లాడటం మానేసినవాళ్లు మా పార్టీవాళ్లే.

విశ్రాంత కమిషనరు: టేబుల్ అజెండా నేనూ పెట్టానండీ. ప్రధాన పైపులైను పగిలితే వచ్చే నెల సమావేశం దాకా ఆగలేం కదా. అయితే పెట్టిన ప్రతిసారీ అంత తొందర ఉందని మాత్రం ఈ రోజు చెప్పలేను.

సమన్వయకర్త: అభ్యర్థుల అఫిడవిట్లను ఎవరైనా చదువుతారా?

అధ్యాపకుడు: ఆస్తులు, అప్పులు, క్రిమినల్ కేసులు, చదువు తెలుసుకోవడం ఓటరు హక్కని సుప్రీంకోర్టు 2002లో పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికల విషయంలో చెప్పింది. తరువాత స్థానిక ఎన్నికలకూ ఈ పద్ధతి వచ్చింది. చిన్న పట్టణంలో ఆ కాగితం చదివినవాళ్ల కంటే, అందులో రాయనిది తెలిసినవాళ్లే ఎక్కువ.

విశ్రాంత కమిషనరు: ఆ మాట నిజం. నామినేషన్ల వారం మా రెవెన్యూ విభాగానికి పండగలాంటిది. బకాయి లేదన్న కాగితం కావాలి కనుక, ఏళ్ల తరబడి నోటీసులు తీసుకోని ఇంటి యజమాని తానే వచ్చి వరుసలో నిలబడి ఆస్తిపన్ను, కుళాయి పన్ను వడ్డీతో సహా కట్టి రసీదు జాగ్రత్తగా మడత పెట్టుకుని వెళ్తాడు. మున్సిపాలిటీ కాంట్రాక్టులో వాటా ఉన్నవాడు పోటీకి అనర్హుడు. అందువల్ల కాంట్రాక్టు బావమరిది పేరు మీదికి మారుతుంది. ఈ సంగతి ఏ అఫిడవిట్‌లోనూ ఉండదు, వీధిలో అందరికీ తెలుసు.

సమన్వయకర్త: నాకు ఎదురైన ఒక సంగతి చెబుతాను. మహిళకు కేటాయించిన వార్డులో అభ్యర్థిని నేను మురుగు కాలువ గురించి అడిగితే, పక్కనున్న భర్త నా చేతిలోని మైకు అందుకుని జవాబిచ్చారు. ఆమె ఆయన చెప్పులవైపు చూస్తూ ఉండిపోయారు.

మాజీ కౌన్సిలరు: ఆ మైకు మీరెందుకిచ్చారు? క్షమించండి, ఆ అలవాటులో మీ వంతూ ఉందని చెబుతున్నాను. మా ఇంట్లోనూ మొదటి ఆరు నెలలు ఫోన్లు మావారికే వచ్చేవి. రిజర్వేషన్ లేకపోతే ఏ పార్టీ నాకు బి-ఫారం, అంటే తమ అభ్యర్థినని రాసిచ్చే కాగితం, ఇచ్చేది కాదు. పని నేర్చుకునేసరికి, రిజర్వు వార్డులు మార్చే రొటేషన్‌లో నా వార్డు జనరల్ అయింది, టికెట్ మరొకరికి పోయింది. రెండోసారి పక్క వార్డులో స్వతంత్రంగా నిలబడి గెలిచాను.

అధ్యాపకుడు: రాజ్యాంగంలోని 243టి అధికరణం మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు ఇవ్వాలంటుంది, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దాన్ని సగానికి పెంచాయి. ఫ్రాన్సు మరో దారి పట్టింది. అక్కడ జాబితాలో స్త్రీ పురుషుల పేర్లు ఒకటి విడిచి ఒకటి ఉండాలన్న నియమం వెయ్యి జనాభా దాటిన కమ్యూన్లకే, అంటే అక్కడి ఊళ్ల స్థానిక పాలనా విభాగాలకే, ఉండేది. 2025లో చేసిన చట్టం దాన్ని అన్ని కమ్యూన్లకూ వర్తింపజేసింది. ఆ పద్ధతిలో ఫలానా స్థానం మహిళది అన్న ముద్ర ఉండదు కనుక, మేడమ్ చెప్పిన రొటేషన్ సమస్యా ఉండదు.

సమన్వయకర్త: ఏకగ్రీవాల సంగతి ఏమంటారు?

అధ్యాపకుడు: ఇంగ్లండులో అభ్యర్థులు చాలక పోలింగే జరగని పట్టణ మండళ్లున్నాయి, ఇంకా మిగిలిన ఖాళీలను ఎన్నికైన సభ్యులే కో-ఆప్షన్‌తో, అంటే తామే ఎంచుకున్నవారితో, నింపుకుంటారు. మన దగ్గర తరచూ నామినేషన్లు పడతాయి, ఉపసంహరణ గడువులోగా మాయమవుతాయి. అక్కడి ఏకగ్రీవానికి ఆసక్తి లేకపోవడం కారణం, ఇక్కడి దానికి ఆసక్తి మరీ ఎక్కువ కావడం కారణం. రెండింటినీ ఒకే మాటతో పిలవడం నాకు నచ్చదు.

విశ్రాంత కమిషనరు: అన్నీ బెదిరింపులే అనలేం. ఎవరు నిలబడినా గెలిచేది ఆయనేనని తెలిసి, ఇష్టంగా తప్పుకున్న సందర్భాలూ ఉన్నాయి.

సమన్వయకర్త: మేడమ్, స్వతంత్రంగా గెలిచానన్నారు. అలాంటి అభ్యర్థిని ఓటరు నమ్మవచ్చా?

మాజీ కౌన్సిలరు: ఒక ప్రశ్నకు ముందే జవాబు చెబితే నమ్మవచ్చు. మన దగ్గర గ్రామ పంచాయతీలో పార్టీ గుర్తులు ఉండవు, మున్సిపాలిటీలో ఉంటాయి. చైర్‌పర్సన్‌ను ఎన్నుకునేది కౌన్సిలర్లు. ఎక్స్ అఫిషియో హోదాలో, అంటే పదవి రీత్యా సభ్యులుగా, ఎమ్మెల్యే, ఎంపీ కూడా ఓటుగా చేయి ఎత్తుతారు. పార్టీ సభ్యులకు విప్, అంటే ఫలానావారికే ఓటేయాలన్న పార్టీ ఆదేశం, ఉంటుంది, స్వతంత్రులకు ఉండదు. కౌంటింగు అయిన రాత్రి నుంచే క్యాంపు, అంటే గెలిచినవాళ్లు చేజారకుండా బస్సుల్లో ఒకచోటికి తీసుకెళ్లి ఉంచడం, మొదలవుతుంది. అందుకని నెగ్గాక ఎవరికి చేయి ఎత్తుతారని స్వతంత్ర అభ్యర్థిని ప్రచారంలోనే అడగాలి. నేను ఆ జవాబు కరపత్రం వెనుక అచ్చువేయించాను. అలా వేస్తే రెండో వర్గం ఓట్లు పోతాయని అందరూ అన్నారు. కొన్ని పోయాయి కూడా.

సమన్వయకర్త: క్యాంపుకు రమ్మని మీ ఇంటికీ వచ్చారా?

మాజీ కౌన్సిలరు: రెండు వర్గాలవాళ్లూ వచ్చారండీ, గంట తేడాలో. రెండుసార్లూ కరపత్రం వెనక్కి తిప్పి చూపించాను. బస్సు మా వీధి మలుపులో కాసేపు ఇంజను ఆపకుండా నిలబడి, వెళ్లిపోయింది.