డెత్ నోట్ రివ్యూ: నాకు లైట్ కన్నా, ఎల్ కన్నా రూల్సే నచ్చాయి

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ పుస్తకం నేను కొన్నది కాదు. ఒక ఆన్‌లైన్ పుస్తకాల షాపు వాళ్లు పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు. డిస్క్రిప్షన్‌లో లింక్ పెట్టమన్నారు, పెట్టాను. ఏం మాట్లాడాలో మాత్రం వాళ్లు చెప్పలేదు, చెప్పినా నేను వినను.

ఇదిగో, ఇదే. డెత్ నోట్ మాంగా, అంటే జపాన్ కామిక్స్, 12 వాల్యూములూ కలిపి ఒకే పుస్తకం. దాదాపు 2,400 పేజీలు. షెల్ఫ్‌లో పెడితే భలే ఉంటుంది. చదవడానికి కూర్చుంటేనే అసలు బాధ. పడుకుని చదవలేం, చేత్తో పట్టుకోలేం, టేబుల్ మీద పెడితే సగంలో విప్పినప్పుడు పూర్తిగా పరుచుకోదు. కెమెరా దగ్గరికి తెస్తాను చూడండి... ఈ మధ్య మడతలో ఒక డైలాగ్ బబుల్ ఉంది, కనిపిస్తోందా? సగం లోపలికి పోయింది. యాక్షన్ మాంగా అయితే సర్దుకుపోవచ్చు. ఇది మొత్తం మాటల మీద నడిచే కథ. ఒబాటా బొమ్మలు ఎంత అందంగా ఉన్నా, ఓబా రాసిన ఆ ఎత్తులూ పైఎత్తులూ చదవాలి కదా! నా దగ్గర పాత విడి వాల్యూములు కొన్ని ఉన్నాయి, చివరికి అవే తీసి చదివాను.

కథ మీకు తెలుసనే అనుకుంటున్నా. తెలియని వాళ్లకి రెండు ముక్కల్లో: ర్యూక్ అనే షినిగామి, అంటే మృత్యుదేవుడు, బోర్ కొట్టి ఒక నోట్‌బుక్‌ని భూమ్మీద పడేస్తాడు. లైట్ యాగామి అనే టాపర్ కుర్రాడికి అది దొరుకుతుంది. మనిషి ముఖం తలచుకుని అందులో పేరు రాస్తే 40 సెకన్లలో గుండె ఆగిపోతుంది. వీడు నేరస్థులందర్నీ చంపుకుంటూ పోతాడు, పట్టుకోవడానికి ఎల్ అనే డిటెక్టివ్ దిగుతాడు. స్పాయిలర్లు చెప్పేస్తాను, 2006లో ముగిసిన కథకి కూడా మొహమాటపడితే ఎలా?

ఆగండాగండి, కామెంట్లలో 'ఇది మన యమలీలే కదా బ్రో' అని టైప్ చేస్తున్నారని తెలుసు. పై లోకం నుంచి పుస్తకం పడటం వరకూ నిజమే. కానీ అక్కడ ఆలీ జరగబోయేది చదువుతాడు, ఇక్కడ లైట్ జరగాల్సింది రాస్తాడు. తేడా అంతా అక్కడే ఉంది.

ఇప్పుడు నా పిచ్చి దగ్గరికి వద్దాం. చాప్టర్ల మధ్యలో నోట్‌బుక్ ఎలా వాడాలో చెప్పే రూల్స్ పేజీలు వస్తాయి. చాలామంది తిప్పేస్తారు. దయచేసి తిప్పకండి. చావుకి కారణం రాస్తే వివరాలు రాయడానికి ఇంకో 6 నిమిషాల 40 సెకన్లు దొరుకుతాయి. చావు సమయాన్ని 23 రోజుల లోపే నిర్ణయించగలం. ఒకసారి రాసిన పేరు చెరిపేసినా చావు ఆగదు. ఈ కథలో థ్రిల్ అంతా వీటి లోంచే పుట్టింది.

రెండో చాప్టర్ చూడండి. టీవీలో లిండ్ ఎల్. టేలర్ అనే ఆయన వచ్చి, ప్రపంచమంతా లైవ్ అని చెప్పి, 'కిరా, నువ్వు చేస్తున్నది పాపం' అంటాడు. కిరా అంటే ఈ హంతకుడికి జనం పెట్టిన పేరు. లైట్‌కి ఒళ్లు మండి పేరు రాసేస్తాడు. ఆయన టేబుల్ మీదే కుప్పకూలిపోతాడు. అప్పుడు స్క్రీన్ మీద ఒక్క ఎల్ అక్షరం, వెనక నుంచి గొంతు. చచ్చినవాడు ఆ రోజే ఉరి తీయాల్సిన ఖైదీ, ప్రసారం ప్రపంచమంతా కాదు, జపాన్‌లో టోక్యో ఉన్న కాంటో ప్రాంతానికి మాత్రమే! దమ్ముంటే నన్ను చంపు అని అసలు ఎల్ సవాలు విసురుతాడు. పేరూ ముఖమూ తెలీదు, లైట్ పళ్లు నూరుకోవడం తప్ప చేసేదేం లేదు. ఒక్క దెబ్బతో హంతకుడు ఉన్న ప్రాంతమూ దొరికింది, వాడు ఎవరిని చంపలేడో కూడా దొరికింది. ఫైట్ లేదు, ఛేజింగ్ లేదు. ఇంత టెన్షన్ నాకు ఈ మధ్య ఏ సినిమాలోనూ రాలేదు.

తర్వాత లైట్ ఇంకా ముదిరిపోయి, ర్యూక్ చేత దొంగ రూల్స్ రాయిస్తాడు. 13 రోజుల్లోపు ఇంకో పేరు రాయకపోతే రాసినవాడే చస్తాడని. పోలీసులు అదే నమ్మి, ఇన్ని రోజులు బంధించినా చావలేదు కాబట్టి వీడు కిరా కాదనేస్తారు. రూల్ బుక్‌నే అలిబీగా వాడుకున్నాడు!

ఇంకో విషయం. 2003లో వచ్చిన పైలట్ చాప్టర్‌లో ఒక రబ్బరు కూడా ఉండేది. దాంతో పేరు చెరిపితే చచ్చినవాడు లేచి కూర్చుంటాడు. అసలు సిరీస్ మొదలయ్యేసరికి రబ్బరు తీసేశారు. బతికించారు మనల్ని. అది ఉండి ఉంటే లైట్ భయపడాల్సిన పనేముంది?

ఇది గుర్తుపెట్టుకుని 2017 నెట్‌ఫ్లిక్స్ సినిమా చూడండి. కథని సియాటెల్‌కి తీసుకెళ్లారు, దానికి నాకేం అభ్యంతరం లేదు. ర్యూక్‌కి విలెమ్ డఫో గొంతు, అదిరింది. కానీ పేరు రాసిన పేజీ కాల్చేస్తే మనిషి బతుకుతాడని కొత్త రూల్ పెట్టారు! ఒబాటా, ఓబా పారేసిన రబ్బరుని వీళ్లు అగ్గిపెట్టె చేసి తెచ్చుకున్నారు. పైగా ఎల్ సహాయకుడి పేరు వటారి అని ఒక్క మాట రాస్తే నోట్‌బుక్ పనిచేసేస్తుంది. అసలు పేరు దొరక్కే కదా ఒరిజినల్‌లో లైట్ అన్ని వాల్యూములు తంటాలు పడ్డాడు! నాకు అక్కడే సినిమా అయిపోయింది.

2006 జపాన్ సినిమాలు దీనికి పూర్తిగా రివర్స్. రెండు భాగాలు, షూసుకే కానెకో డైరెక్షన్. గ్రాఫిక్స్ చూసి నవ్వుకోకండి. రెండో భాగంలో రెమ్ అనే షినిగామి ఎల్ పేరు రాస్తుంది. ఎల్ చచ్చాడని లైట్ సంబరపడుతుంటే, ఎల్ తాపీగా నడుచుకుంటూ వస్తాడు. ఎలా? అంతకుముందే తన పేరు తనే రాసుకున్నాడు, 23 రోజుల తర్వాత ప్రశాంతంగా పోయేలా. ముందు రాసిందే చెల్లుతుంది కాబట్టి రెమ్ రాసింది పనిచేయలేదు. కొత్త రూల్ ఏదీ కనిపెట్టకుండా, ఉన్న రూల్‌తోనే ముగింపు మార్చేశారు. మాంగా ముగింపు కన్నా నాకు ఇదే ఎక్కువ నచ్చింది, తిట్టేవాళ్లు తిట్టండి. ఎల్‌గా కెనిచి మత్సుయామా అయితే ఆ కూర్చునే తీరు దగ్గర్నుంచి మాంగాలోంచి లేచి వచ్చినట్టే ఉంటాడు.

2015 టీవీ డ్రామాలో లైట్‌ని మామూలు కుర్రాడిని చేశారు. మామూలు కుర్రాడితో ఎల్‌కి పోటీ ఏంటి? రెండు ఎపిసోడ్లకే ఆపేశా.

యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్, దాని సంగతి మీ అందరికీ తెలుసు. మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసింది, 37 ఎపిసోడ్లు. రహస్య కెమెరాల మధ్య కూర్చుని, చిప్స్ ప్యాకెట్‌లో బుల్లి టీవీ దాచి, ఒక చేత్తో లెక్కలు చేస్తూ ఇంకో చేత్తో పేర్లు రాస్తాడే, ఆ సీన్‌ని మాంగా కన్నా యానిమేనే పైకి లేపింది. ఒక చిప్ తినడానికి అంత బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ఇంకెక్కడా విని ఉండరు. కానీ లెక్క చూడండి: ఎల్ చనిపోయేది 58వ చాప్టర్‌లో, యానిమేలో 25వ ఎపిసోడ్. మిగిలిన 50 చాప్టర్లని 12 ఎపిసోడ్లలో కుక్కేశారు. ఎల్ తర్వాత అతని స్థానంలోకి వచ్చే నియర్, మెల్లో ఎవరో అర్థమయ్యేలోపే క్లైమాక్స్ వచ్చేస్తుంది. మాంగాలోనూ ఆ భాగం నాకు పెద్దగా ఎక్కలేదు, నియర్‌ని చూస్తే ఎల్‌కి డూప్‌లా అనిపిస్తాడు. కాకపోతే మాంగా చివర్లో లైట్ చావు మాత్రం వదులుకోకండి. యానిమేలో సాయంత్రపు ఎండలో, మెట్ల మీద, అందంగా పోతాడు. మాంగాలో నేల మీద పడి, చావాలని లేదని ఏడుస్తూ పోతాడు. అంతమందిని చంపినవాడికి అదే సరైన చావు.

కాబట్టి మాంగా చదవండి, విడి వాల్యూములే కొనండి. లింక్ పెట్టించిన షాపు వాళ్లకి కోపం వస్తుందేమో, కానీ వాళ్ల దగ్గర విడివిడిగా కూడా ఉన్నాయి, నేను చూశాను. యానిమే 25వ ఎపిసోడ్ వరకూ కళ్లు మూసుకుని చూసేయొచ్చు. తర్వాత 2006 సినిమాలు. నియర్ ఫ్యాన్స్ ఎవరైనా ఉంటే కింద రాయండి, ఎందుకు నచ్చాడో నిజంగానే తెలుసుకోవాలని ఉంది.