భారతం మిట్టకి తీసుకెళ్లే కెమెరా

శ్రోతలకు నమస్కారం.

ఎండలు ముదిరేసరికి చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో మహాభారతాన్ని కథగా, నాటకంగా జరిపే ధర్మరాజుల తిరునాళ్లు మొదలవుతాయి. పగలు హరికథ, రాత్రి భోజనాలయ్యాక నాటకం, అది తెల్లారేదాకా. అర్జునుడు తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కడం, దుర్యోధన వధ, చివర అగ్నిగుండం. ఇప్పుడు ఇవన్నీ జరిగే ఊరి మైదానాల్లో, అంటే భారతం మిట్టల మీద, మైకుసెట్టు పక్కనే స్టాండు మీద ఒక కెమెరా కూడా కనబడుతోంది. ఊరి కుర్రవాళ్లే తీస్తున్నారు. బెంగళూరులోనో చెన్నైలోనో ఉండిపోయిన ఊరివాళ్లు చూసుకునేట్టు యూట్యూబులో పెడుతున్నారు. పద్యం ఎత్తి పాడగలిగే పెద్దలు ఒక్కొక్కరే తగ్గిపోతున్న ఈ కాలంలో అది చాలా విలువైన పని. తక్కువ ఖర్చులో ఆ పని నిలకడగా జరగాలంటే కెమెరా, లెన్సు, మెమరీ కార్డు ఎలా ఎంచుకోవాలో ఈ ప్రసంగంలో చెప్పుకుందాం. పెళ్లికైనా, గంగమ్మ జాతరకైనా, బడి వార్షికోత్సవానికైనా లెక్క ఇదే.

దుకాణంలో ఎక్కువమంది అడిగేది రెండు మాటలు: ఎన్ని మెగాపిక్సెళ్లు, ఫోర్‌కే ఉందా. వీడియోకి మెగాపిక్సెళ్ల పట్టింపు అక్కర్లేదు. ఫుల్ హెచ్‌డీ ఫ్రేమంటే 1920 బై 1080, అంటే రెండు మెగాపిక్సెళ్లే. ఫోర్‌కే అయినా ఎనిమిదికి కాస్త ఎక్కువ. ఇవాళ దొరికే చాలా కెమెరాల్లో 20కి పైనే ఉంటాయి. అడగాల్సినవి వేరే ఉన్నాయి. బయటి మైకు పెట్టుకునే సాకెట్ ఉందా? ఆపకుండా ఎంతసేపు రికార్డు చేస్తుంది? వీడియో నడుస్తుండగా మనిషి కదిలితే ఫోకస్ వెంట వెళ్తుందా?

మైకు సాకెట్ దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. మన దగ్గర బాగా అమ్ముడుపోయిన కానన్ 1500డీ, నికాన్ డీ3500, పాతవాటిలో సోనీ ఏ6000, ఈ మూడింటికీ మైకు సాకెట్ లేదు. ఫొటోలకి చక్కటి కెమెరాలే. కానీ నాటకంలో పద్యం, హార్మోనియం, మృదంగం కెమెరా ఒంట్లో ఉన్న చిన్న మైకుతో పట్టాలంటే చుట్టుపక్కల మాటలే ముందు వినబడతాయి. వీడియో కోసమే కొనేవాళ్లు వీటిని పక్కన పెట్టడం మంచిది.

కానన్ 200డీ మార్క్ టూకి మైకు సాకెట్ ఉంది, తెర పక్కకి తెరుచుకుని తిరుగుతుంది, ఫుల్ హెచ్‌డీలో ఫోకస్ మనిషి ముఖాన్ని వదలదు. అదే కెమెరాలో ఫోర్‌కే పెడితే మాత్రం రెండు నష్టాలు. వెలుగుని పట్టే సెన్సార్‌లో మధ్యభాగమే వాడుతుంది కాబట్టి దృశ్యం బాగా ఇరుకైపోతుంది, ఆ మంచి ఫోకస్ పద్ధతి కూడా పనిచేయదు. పెట్టె మీద ఫోర్‌కే అని రాసి ఉన్నా దాన్ని ఫుల్ హెచ్‌డీ కెమెరాగానే లెక్కవేసుకోవాలి. ఫోర్‌కే నిజంగా కావాలంటే సోనీ జెడ్‌వీ ఈ10, నికాన్ జెడ్30, కానన్ ఆర్50 వరసలో చూడాలి. సోనీకి మైకు సాకెట్‌తో పాటు హెడ్‌ఫోన్ సాకెట్ కూడా ఉంది. శబ్దం ఎలా పడుతోందో వింటూ తీయొచ్చు, ఈ ధరలో అది అరుదు. దాని లోపం, ఫోర్‌కేలో కెమెరాని గబుక్కున పక్కకి తిప్పితే నిలువు స్తంభాలు వాలిపోయినట్టు పడతాయి. ఒంట్లో వణుకు ఆపే ఏర్పాటు కూడా లేదు. స్టాండు మీద నెమ్మదిగా తిప్పేవాళ్లకి ఇది అడ్డం కాదు. సెకండ్‌హ్యాండులో కానన్ ఎం50 చవగ్గా వస్తుంది, కానీ దాని ఈఎఫ్-ఎం లెన్సులు తర్వాత కొనబోయే ఆర్ కెమెరాలకి అడాప్టర్ పెట్టినా సరిపోవు. అది తెలిసే కొనాలి.

ఇక ఆపకుండా ఎంతసేపు? 200డీ మార్క్ టూ 29 నిమిషాల 59 సెకన్ల దగ్గర ఆగిపోతుంది. అది పాడైపోవడం కాదు. యూరప్‌లో అరగంట దాటి రికార్డు చేసే పరికరాన్ని వీడియో కెమెరా కింద లెక్కగట్టి సుంకం వేసేవారు, అందుకని తయారీదార్లు పెట్టుకున్న హద్దు అది. మళ్లీ బటన్ నొక్కాలి, అంతే. కానీ ఆ క్షణంలో మనిషి దగ్గర లేకపోతే ద్రౌపది పద్యం సగంలో తెగుతుంది. నికాన్ జెడ్30 అయితే 125 నిమిషాల దాకా, కానన్ ఆర్50 గంట దాకా ఆగదు. సోనీ జెడ్‌వీ ఈ10కి ఆ హద్దే లేదు. దానికున్న హద్దు వేడి. మన ఎండాకాలంలో మెనూలోకి వెళ్లి ఆటో పవర్ ఆఫ్ టెంపరేచర్ అనేదాన్ని హై మీద పెట్టుకోవాలి, తెరని ఒంటికి ఆనకుండా పక్కకి తెరిచి ఉంచాలి. చిన్న బ్యాటరీతో రాత్రంతా నడవదు, కాబట్టి మైకుసెట్టు వాళ్ల ప్లగ్గు నుంచో పవర్‌బ్యాంకు నుంచో కరెంటు ఇవ్వాలి. కానన్ వాటికి బ్యాటరీ స్థానంలో పెట్టే డమ్మీ బ్యాటరీ దొరుకుతుంది.

కెమెరా చేతికొచ్చాక మొదట మార్చాల్సింది ఒక్క అమరిక. చాలామంది దీన్ని ముట్టుకోరు, తర్వాత వీడియోలో పైనుంచి కిందికి నల్లటి చారలు పాకుతున్నాయని దిగులుపడతారు. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైటు, చవక ఎల్‌ఈడీ బల్బు సెకనుకి వందసార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, సెన్సార్‌కి తెలుస్తుంది. మెనూలో వీడియో సిస్టమ్ అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీ మీద ఉంటే మన పద్ధతి పీఏఎల్‌కి మార్చి, సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ వేగం, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం, సెకనులో 50వ వంతు పెట్టండి. ఆ 50వ వంతు సెకనులో సరిగ్గా రెండు మినుకులు పడతాయి కాబట్టి వెలుగు అన్ని ఫ్రేముల్లో సమానంగా ఉంటుంది. 60వ వంతు పెడితే ఆ లెక్క కుదరదు, చార పడుతుంది. సీరియల్ సెట్ల రంగు దీపాలు కొన్ని వాటి సొంత లయలో మినుకుతాయి. వాటిని ఈ అమరిక ఆపలేదు, ఫ్రేములోకి తక్కువ రానివ్వడమే దారి.

లెన్సు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. రాత్రి నాటకానికి కెమెరా కంటే ఇదే ముఖ్యం. లెన్సు మీద ఎంఎం అంకె పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరవుతుంది, ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుగు తగ్గుతుంది. కెమెరాతో వచ్చే 18-55 ఎంఎం లెన్సు జూమ్ చేసేకొద్దీ చీకటవుతుంది. 18 దగ్గర ఎఫ్ 4 ఉంటే 55 దగ్గరికొచ్చేసరికి ఎఫ్ 5.6, అంటే వెలుగు సగం. షాట్ మధ్యలో జూమ్ చేస్తే చిత్రం మసకబారడమో, ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుగుని కెమెరా పెంచి చూపే అమరిక, తనంతట పెరిగి గరుకు రావడమో అందుకే. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు కానన్‌కి చవగ్గా దొరుకుతుంది. 55 దగ్గర 5.6తో పోలిస్తే ఇది దాదాపు పదింతల వెలుగు లోపలికి రానిస్తుంది. అదే పాత్రధారి, అదే దూరం. ఒకదానితో ఐఎస్ఓ 6400 కావాల్సినచోట ఇంకొకదానితో 640తో సరిపోతుంది. కిరీటం మీద అద్దాలు, బుగ్గ మీద అరదళం రంగు తేటగా కనబడేది ఆ తేడాతోనే. కొత్త కెమెరా మీద ఇంకో పాతికవేలు పెట్టినా అంత తేడా రాదు.

ఎంత దూరంలో పెట్టాలి? ఈ చిన్న సెన్సార్ కెమెరాల్లో 50 ఎంఎం లెన్సుకి పది మీటర్లు, అంటే 33 అడుగుల దూరంనుంచి సుమారు 15 అడుగుల వెడల్పు పడుతుంది. పల్లె నాటకం పందిరికి అది సరిపోయే కొలత. మేళం వాళ్లతో సహా మొత్తం రావాలంటే 24 ఎంఎం కావాలి. దానికి అదే దూరంలో 30 అడుగులు వస్తుంది. ఎఫ్ 1.8 మీద పూర్తిగా తెరిస్తే ఫోకస్ నిలిచే లోతు ఆ దూరంలో తొమ్మిది అడుగులే. ముందు భీముడు, వెనక సింహాసనం మీద దుర్యోధనుడు ఉంటే ఒకరు మసకబారతారు. ఎఫ్ 2.8కి మూస్తే లోతు 14 అడుగులు దాటుతుంది. అది నాటకానికి చక్కటి మధ్యస్థానం. కానన్‌లో కొనేటప్పుడు పేరులో ఎస్‌టీఎం అని ఉందో లేదో చూడండి. ఆ మోటారు చప్పుడు తక్కువ చేస్తుంది, పాతరకం మోటారు గరగర మైకులోకి వచ్చేస్తుంది.

తపస్సు మానుకి మాత్రం దూరాన్ని దగ్గర చేసే లెన్సు కావాలి. కానన్ 55-250 ఎస్‌టీఎం, సోనీ 55-210, ఇవి పగటికి బాగా పనికొస్తాయి, రాత్రికి పనికిరావు. మాను మీదున్న అర్జునుడి వెనక ఆకాశం తెల్లగా ఉంటుంది కాబట్టి ఆటోమేటిక్‌లో వదిలేస్తే మనిషి నల్లటి నీడలా పడతాడు. మాన్యువల్‌లో ముఖానికి వెలుగు సరిచేసి ఉంచాలి, ఆకాశం తెల్లబడితే పడనివ్వండి.

పగటి ఎండ ఇంకో చిక్కు తెస్తుంది. మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ 100, షట్టర్ 50వ వంతు పెడితే లెన్సుని ఎఫ్ 22 దాకా మూయాల్సి వస్తుంది. అంత మూస్తే చిత్రం పదును పోతుంది. షట్టర్ పెంచితే, నేల మీద మట్టితో చేసిన దుర్యోధనుడి బొమ్మ మీద భీముడు పరిగెత్తేటప్పుడు కదలిక తునకలు తునకలుగా కనబడుతుంది. దీనికి మందు ఎన్‌డీ ఫిల్టరు, లెన్సుకి చలువ కళ్లద్దం లాంటిది. ఎన్‌డీ 32 అయిదు స్టాపుల వెలుగు, అంటే అయిదుసార్లు సగం చేసినంత, తగ్గిస్తుంది, ఎఫ్ 4తో హాయిగా తీయొచ్చు. ఫిల్టరు కొలత లెన్సు అంచున ఉంటుంది: కానన్ 18-55, 55-250 ఎస్‌టీఎం రెండింటికీ 58 మిల్లీమీటర్లు, ఈఎఫ్ 50 ఎస్‌టీఎంకి 49. తిప్పే రకం ఫిల్టరు అయితే చివరిదాకా తిప్పొద్దు, చిత్రం మీద అడ్డంగా నల్లటి ఇంటూ గుర్తు పడుతుంది.

అగ్నిగుండానికి ఒక్క మాట. రంగుల్ని తనంతట సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ నిప్పుల ఎరుపుని కడిగేస్తుంది. డేలైట్ మీద స్థిరంగా పెట్టి, వెలుగు మోతాదుని, అంటే ఎక్స్‌పోజర్‌ని, నిప్పులకి సరిచేసి వదిలేయండి.

ఇప్పుడు మెమరీ కార్డు. ఖర్చులో చిన్నది, నష్టంలో పెద్దది. కార్డు మీద పెద్ద అంకెల్లో 100 అనో 170 అనో ఉండేది చదివే వేగం, అంటే కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు వచ్చేది. వీడియోకి కావాల్సింది రాసే వేగం, అదీ మధ్యలో పడిపోకుండా నిలిచే కనీస వేగం. దాన్ని చిన్న గుర్తులు చెబుతాయి. సి లోపల 10 ఉంటే సెకనుకి కనీసం 10 మెగాబైట్లు. యు లోపల 3 ఉన్నా, వి30 ఉన్నా 30. వి60 అంటే 60. ఏ1, ఏ2 అన్న గుర్తులు ఫోన్ యాప్‌ల కోసం, వీడియోతో సంబంధం లేదు.

కెమెరా మెనూలో వీడియో నాణ్యత దగ్గర 100 అని ఉండేది సెకనుకి మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే 12.5 మెగాబైట్లు. సి10 కార్డు హామీ ఇచ్చే 10కి అది ఎక్కువ, అందుకే ఫోర్‌కేలో ఆ కార్డు తడబడి రికార్డింగు దానంతటదే ఆగిపోతుంది. కానన్ తెర మీద కుడివైపు చిన్న మెట్ల గుర్తు పైకి పాకుతుంటే కార్డు వెనకబడుతోందని అర్థం. వి30 కార్డుతో ఈ బాధ తీరుతుంది. వి60, వి90 కార్డులు ఈ తరగతి కెమెరాలకి దండగ.

ఎంత సైజు? సెకనుకి 50 మెగాబిట్ల ఫుల్ హెచ్‌డీ గంటకి 22.5 జీబీ తింటుంది. రాత్రి పదినుంచి తెల్లవారి అయిదు దాకా ఏడు గంటలకి 157 జీబీ. 100 మెగాబిట్ల ఫోర్‌కే అయితే దానికి రెట్టింపు, 315. ఒక్క 256 కార్డు కంటే 64 జీబీవి మూడు మేలు. ఒక్కోటి రెండుగంటల నలభై అయిదు నిమిషాలు దాటి వస్తుంది, ఒకటి చెడినా రాత్రంతా పోదు. రంగం మారేటప్పుడు, బఫూన్ వచ్చి నవ్విస్తున్నప్పుడు కార్డు మార్చుకోవచ్చు.

64 జీబీ కార్డు కంప్యూటర్లో 59 చూపిస్తే కంగారుపడకండి, లెక్కగట్టే పద్ధతిలో తేడా. కానీ నకిలీ కార్డు కూడా 59 చూపిస్తూనే లోపల ఎనిమిదో పదహారో ఉంచుకుంటుంది. అది నిండాక పైన రాసిందంతా గాలికే. ఫైలు పేరు కనబడుతుంది, తెరుచుకోదు. కొన్నరోజే కార్డుని రీడరులో పెట్టి విండోస్‌లో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్, మ్యాక్‌లలో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాముతో అంచుదాకా నింపి తిరిగి చదివించండి. కాస్త ఎక్కువసేపే పడుతుంది. ఒక్క తప్పు వచ్చినా బిల్లుతో సహా దుకాణానికి తిప్పివ్వండి.

సెకండ్‌హ్యాండు లెన్సు కొంటే ఒకవైపు నుంచి ఫోన్ టార్చి వేసి ఇంకోవైపు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లా ఉంటే బూజు, కొనొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు కురిసే వానల్లో బూజు త్వరగా పడుతుంది కాబట్టి తోలు సంచిలో కాకుండా గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. కెమెరా అయితే మైకు గుచ్చి, ఇరవై నిమిషాలు ఆపకుండా రికార్డు చేసి, అక్కడే విని చూసుకోవాలి.

చివరిగా నాటకం ముగిశాక. కార్డు మీద రాస్తున్నానని కెమెరా చూపే ఎర్రదీపం వెలుగుతుండగా కార్డు మూత తెరవొద్దు, బ్యాటరీ లాగొద్దు. ఫైలు మూతపడేది ఆ కొన్ని సెకన్లలోనే, తెగితే ఆ అరగంట తెరుచుకోదు. కార్డు లాకు మీటని మూసి, రెండు వేర్వేరు హార్డు డిస్కుల్లోకి కాపీ చేయండి. ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు రెండుచోట్లా సరిచూడండి, ప్రతి ఫైలునీ మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి నడిపించి చూడండి. ఆ తర్వాతే లాకు తీసి కార్డుని ఫార్మాట్ చేయాలి, అదీ కంప్యూటర్లో కాదు, మళ్లీ వాడబోయే కెమెరాలోనే.