కోట్ల మెషిన్ సరే, ఊపిరి ఎలా పట్టాలో తెలుగులో చెప్పేదెవరు?

హోర్డింగ్ చూశారుగా? "లివర్ ట్యూమర్‌కు మిల్లీమీటర్ తేడా లేకుండా రేడియేషన్" అని. వారం నుంచి దాని మీద ఒకటే గొడవ. అద్భుతం అని కొందరు, దోపిడీ అని కొందరు. నేనొక్కటే అడుగుతా. ఏ మిల్లీమీటరండీ?

లివర్ డయాఫ్రమ్ కిందే ఉంటుంది, అంటే ఊపిరితిత్తుల కింద ఊపిరితో పాటు కదిలే కండరం కింద. మామూలుగా ఊపిరి పీల్చినా ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, వదలగానే పైకెక్కుతుంది. నిమిషానికి 12, 15 సార్లు. ఈ వీడియో చూస్తున్న మీ లివర్ కూడా ఇప్పుడు అదే పనిలో ఉంది! దానిలోని గడ్డ కూడా దానితో పాటే ఊగుతుంది. 5 మిల్లీమీటర్లు దాటి కదిలితే ఏదో ఒక జాగ్రత్త తీసుకోవాలని అమెరికాలోని మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2006లోనే చెప్పింది.

ఊపిరితో పాటు గడ్డ ఎలా కదులుతోందో చూపించే ఫోర్‌డీ సీటీ స్కాన్ ఉందిగా అంటారు. ఉంది, మంచిదే. పొట్ట మీద చిన్న పెట్టె పెట్టి, అది ఎంత లేస్తోందో కెమెరాతో చూస్తూ ఒక శ్వాసని పది ముక్కలుగా విడగొడతారు. కానీ ఆ లెక్కంతా పేషెంట్ ఒకే తీరుగా ఊపిరి తీస్తేనే. మధ్యలో టెన్షన్‌తో నాలుగుసార్లు ఎగపోశారో, బొమ్మలో గడ్డ తెగినట్టు, రెండుగా చీలినట్టు కనబడుతుంది. క్యాన్సర్ ఎక్కడుందో వెతికే పెట్ సీటీ అని రెండు స్కాన్లు కలిపి తీసేదుంది, అందులో ఇంకో తమాషా. సీటీ సెకన్లలో అయిపోతుంది, పెట్ ఒక్కో చోట నిమిషాలు పడుతుంది. రెండూ సరిపోలక, లివర్ పైఅంచున ఉన్న మచ్చ ఊపిరితిత్తిలో ఉన్నట్టు కనబడుతుంది. ఆ ఇంట్లో వాళ్ల పరిస్థితి ఆలోచించండి!

ఇక అసలు సంగతి. మా పెద్దమ్మని స్కాన్‌కి తీసుకెళ్లాను, ఊరి పేరు, సెంటర్ పేరు వద్దులెండి. లోపల మెషిన్ ఇంగ్లీషులో ఊపిరి పట్టమంది. పెద్దమ్మ బల్ల మీద నుంచే, "బాబూ, ఏమంటోందది?" అని గట్టిగా అడిగింది. సరిగ్గా బొమ్మ తీసేటప్పుడు! ఇంకేముంది, మళ్లీ మొదటి నుంచి. రెండోసారి హిందీలో చెప్పింది. ఆవిడ జన్మలో హిందీ మాట్లాడలేదు. చివరికి టెక్నీషియన్ కుర్రాడే లోపలికొచ్చి, "పెద్దమ్మా, ఊపిరి మొత్తం వదిలెయ్యి, అలాగే ఉండు" అన్నాడు. ఒక్కసారికే వచ్చేసింది.

అందుకే చెబుతున్నా, నవ్వుకున్నా సరే. పొట్టకి బెల్టు బిగించడం, గడ్డ పక్కన బంగారు గింజలు పెట్టి వెంబడించడం, ఎమ్మారై బొమ్మ చూస్తూనే రేడియేషన్ ఇచ్చే ఎమ్మార్ లినాక్ మెషిన్, అన్నీ తరవాతే. ముందు తెలుగులో మాట్లాడే గొంతు, పది నిమిషాల ప్రాక్టీసు. ఊపిరి పూర్తిగా వదిలి ఆపితే లివర్ ప్రతిసారీ దాదాపు అదే చోటికొస్తుంది. పీల్చి ఆపితే ఒక్కోసారి ఒక్కో చోట. ఇది నేర్పడానికి కోట్లు కావాలా? లేదంటే గడ్డ ఎక్కడెక్కడికి వెళ్తుందో అంతా కలిపి గీత గీసి ఆ మేరకంతా రేడియేషన్ ఇస్తారు, మధ్యలో ఉన్న మంచి లివర్‌కీ దెబ్బ. సిరోసిస్‌తో లివర్ గట్టిపడి పాడైనవాళ్లకి మిగిలిన మంచి లివరే కొంచెం!

చాలా సీటీ మెషిన్లలో మన గొంతు రికార్డు చేసుకునే వీలుంది తెలుసా? మీ ఊళ్లో స్కాన్ తీయించుకున్నవాళ్లుంటే రాయండి, ఊపిరి పట్టమని ఏ భాషలో చెప్పింది? మెషిన్ చెప్పిందా, మనిషి చెప్పాడా?