అద్దె కారు డిక్కీలో ఎవరి జాడలు?

అందరికీ నమస్కారం.

లా చదువుతున్న మీతో ఈ రోజు ఒక కారు డిక్కీ గురించి మాట్లాడాలి. 2007లో పోర్చుగల్‌లో అద్దెకు తిరిగిన రెనో సీనిక్ కారు అది.

ఆ ఏడాది మే 3న, ప్రయా ద లూజ్ అనే సముద్రతీరపు ఊళ్లో, సెలవులకు వచ్చిన బ్రిటిష్ దంపతుల కూతురు మాడెలిన్ మెకాన్ కనబడకుండా పోయింది. పాపకు ఇంకా నాలుగేళ్లు నిండలేదు. తల్లిదండ్రులు ఈ కారును అద్దెకు తీసుకున్నది మే 27న, అంటే మూడు వారాలు దాటాక. ఆగస్టులో, రక్తం, శవం వాసన పసిగట్టే బ్రిటన్ జాగిలాలు కారు దగ్గర స్పందించాయి. డిక్కీలో తీసిన నమూనా బర్మింగ్‌హామ్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్లింది.

సెప్టెంబరు 3న ల్యాబ్ శాస్త్రవేత్త జవాబు రాశారు. పాప డీఎన్‌ఏ ప్రొఫైల్‌లోని 19 గుర్తుల్లో 15 ఆ నమూనాలో ఉన్నాయి. ఇంతవరకే వింటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. కానీ అదే జవాబులో ఇంకో అంకె ఉంది: నమూనాలో మొత్తం 37 గుర్తులు. కనీసం ముగ్గురివి, ఐదుగురివి కూడా కావచ్చు. ఆ 15 గుర్తులూ ఒక్కరివేనా, లేక పలువురివి కలిసిపోయి అలా కనిపిస్తున్నాయా అన్నది తేల్చలేమన్నారు. పాప గుర్తుల్లో కొన్ని తమ ల్యాబ్‌లో చాలామందికి ఉన్నాయనీ, తనకూ ఉన్నాయనీ ఆయనే రాశారు. నాలుగు రోజులకే, సెప్టెంబరు 7న, తల్లిదండ్రులిద్దరూ అధికారికంగా అనుమానితులయ్యారు. 2008 జులైలో ఆ ముద్ర తీసేశారు. ఈలోగా పత్రికలు రాయాల్సినవన్నీ రాసేశాయి. ఆ రాతలకు ఒక పత్రికా సంస్థ 5,50,000 పౌండ్ల పరిహారం కట్టి, మొదటి పేజీలో క్షమాపణ వేసింది.

మరి ఆ ముగ్గురో ఐదుగురో ఎవరు? అద్దె కారు సత్రంలో గది లాంటిది. మీకు ముందు దిగినవాళ్ల వెంట్రుకలు, చెమట, ఉమ్మి తుంపర్లు అందులో ఉండిపోతాయి. ఎంత కడిగినా సీటు అతుకుల్లో, డిక్కీ కార్పెట్ కింద కొంత మిగులుతుంది. అందుకే కారును ముందు వాడినవాళ్లను వెతికి పట్టుకుని అడగాలి. డిక్కీలో ఏం పెట్టారు? మాంసం ప్యాకెట్ కారిందా? పిల్లలకు ముక్కులోంచి రక్తం వచ్చిందా? మీ తర్వాత కారు ఇంకెవరైనా నడిపారా? అవసరమైతే, ఒప్పుకుంటే, బుగ్గ లోపల దూదిపుల్లతో నమూనా తీసుకోవాలి. ఎవరి జాడలు ఏవో వేరు చేయకుండా ‘సరిపోయింది’ అనడం దర్యాప్తు కాదు. ఈ పని ల్యాబ్ జవాబు వచ్చాక కాదు, అంతకుముందే జరగాలని గట్టిగా నమ్ముతాను.

అలా పిలిపించినవాళ్ల పరిస్థితీ చూడాలి. హైదరాబాద్‌లో నల్ల ప్లేటు, పసుపు అక్షరాల సెల్ఫ్ డ్రైవ్ కారును వారాంతంలో ఎవరో ఒకరు తీసుకెళ్తూనే ఉంటారు. రెండు నెలల తర్వాత పోలీసుల ఫోన్ వస్తే ఇంటిల్లిపాదికీ టెన్షన్. ‘పోలీసులు పిలిచారట’ అన్న ఒక్క మాట చాలు, అపార్ట్‌మెంట్ అంతా పాకుతుంది. ‘మిమ్మల్ని సాక్షిగా పిలుస్తున్నాం’ అని అధికారి మొదటే చెబితే ఆ కుటుంబం రాత్రి నిద్రపోతుంది. ఇది చెప్పడానికి ఖర్చేమీ లేదు, అయినా చాలాచోట్ల చెప్పరు. అది నాకు బాధ.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం)లో 179వ సెక్షన్ సాక్షిని పిలిచే అధికారం ఇస్తుంది. ఉత్తర్వు రాతపూర్వకంగా ఉండాలి. ఆడవాళ్లను, 60 ఏళ్లు దాటినవాళ్లను వాళ్లుండే చోటు విడిచి రమ్మని బలవంతపెట్టకూడదు. అడిగినదానికి నిజమే చెప్పాలి. తమ మీదే కేసు పడేలా ఉన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పనక్కర్లేదు. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం పెట్టించకూడదు.

రేపు మీ దగ్గరికి అలాంటి మనిషి నోటీసు పట్టుకుని వస్తే ముందు సెక్షన్ నంబరు చూడండి. 179 అయితే సాక్షి. 35(3) అని ఉంటే అనుమానం ఆయన మీదే. అప్పుడు ఆయన్ను ఒంటరిగా పంపకండి, మీరూ వెంట వెళ్లండి.