ఆ ఐదో పిచ్చుక

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ రోజు నాకిచ్చిన సమయం కొద్దిదే. అందుకని నాలుగైదు విషయాలు పెట్టుకోకుండా ఒక్క పిట్ట గురించి చెబుతాను. దాని పేరు గాడ్‌విట్. నీటి అంచున బురదలో పురుగులు ఏరుకుని తినే పిట్ట. పొడవాటి కాళ్ళు, పొడవాటి సన్నటి ముక్కు, ఆ ముక్కు కొన కాస్త పైకి తిరిగి ఉంటుంది. గోధుమరంగు ఈకలు. మన ముందు వాలినా తల తిప్పి చూస్తామన్న నమ్మకం లేదు.

2022 అక్టోబరు 13న ఈ జాతి పిట్ట ఒకటి అమెరికాలోని అలాస్కా నుంచి బయల్దేరింది. దాని వయసు సుమారు ఐదు నెలలు. ఐదు నెలలండీ! శాస్త్రవేత్తలు దాని నడుము దగ్గర ఐదు గ్రాముల చిన్న పరికరం అమర్చారు. ఆ పరికరం నంబరు 234684. ఎక్కడెక్కడ ఎగురుతోందో ఉపగ్రహం ద్వారా చూస్తూ కూర్చున్నారు. పిట్ట దక్షిణానికి తిరిగింది. కింద పసిఫిక్ మహాసముద్రం. ఒక రోజు గడిచింది, ఆగలేదు. రెండు రోజులు, ఆగలేదు. వారం గడిచింది, ఆగలేదు. పదకొండు రోజుల తర్వాత ఆస్ట్రేలియాకు దిగువన ఉన్న టాస్మేనియా తీరంలో దిగింది. 13,560 కిలోమీటర్లు. తిండి లేదు, మంచినీళ్ళు లేవు, కాలు మోపడానికి చోటు లేదు.

సముద్రం మీద వాలి కాసేపు సేద తీరవచ్చు కదా అనుకుంటాం. దానికి ఆ వీలు లేదు. బాతుకున్నట్టు దీని కాలివేళ్ళ మధ్య పొర ఉండదు. నీళ్ళలో పడితే ప్రాణం మీదికి వచ్చినట్టే.

మరి ఎలా వెళ్ళగలిగింది? నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇక్కడే ఉంది. బయల్దేరే ముందు ఈ పిట్టలు కొన్ని వారాలపాటు తిండి మీదే ఉంటాయి. ఒంట్లో సగం బరువు దాకా కొవ్వే చేరుతుంది. దారిలో అదే వాటి సద్దిమూట. ఆ తర్వాత పేగులు, జీర్ణావయవాలు చిన్నవైపోతాయి. దారిలో తినేది ఎలాగూ లేదు, ఆ బరువు మోయడం దేనికి? గమ్యం చేరి మళ్ళీ తినడం మొదలుపెట్టాక అవి పెరుగుతాయి. పెద్ద పిట్టలు సాధారణంగా ముందే వెళ్ళిపోతాయి. అంటే ఆ దారి ఎప్పుడూ చూడని పిల్లలు, దారి తెలిసిన పెద్దలు లేకుండానే అంత సముద్రం మీదికి ఎగిరిపోతాయి.

సూర్యుడు, నక్షత్రాలు, భూమి అయస్కాంత శక్తి, గాలివాటం, ఇవన్నీ పక్షులకు దారి చూపుతాయని శాస్త్రం చెబుతోంది. ఆ మాట వింటే నాకు సంతోషమే. దీపం ఎలా వెలుగుతోందో తెలిసినంత మాత్రాన, దాన్ని వెలిగించినవారు ఎవరన్న ప్రశ్న తీరిపోదు కదా. బైబిల్లోని యోబు గ్రంథం 39వ అధ్యాయంలో దేవుడు, ఎన్నో బాధలు పడిన యోబు అనే భక్తుణ్ణి ఇదే అడుగుతాడు. డేగ రెక్కలు చాచి దక్షిణ దిక్కుకు ఎగిరేది నీ తెలివితోనా అని. యోబు దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. నేను చేయగలిగింది చేతులు జోడించడమే.

ఇంతవరకు వింటూ మీలో ఎవరైనా, ప్రకృతిలో తుఫానులూ ఉన్నాయి, రోగాలూ ఉన్నాయి, వాటిని ఏమంటావు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. సృష్టి అంతా మూలుగుతోందని యేసు సువార్తను ఊరూరా చాటిన పౌలు రోమా సంఘానికి రాసిన లేఖలో ఒప్పుకున్నాడు. అందుకే నేను పిట్టను చూపించి దేవుణ్ణి రుజువు చేశానని అనను. చూడండి అంటాను. అంతే.

చూడండి అనడం చిన్న పనేమీ కాదు. పౌలు, ఆయన తోటి సువార్తికుడు బర్నబా లుస్త్ర అనే ఊరికి వెళ్ళినప్పుడు ఏం జరిగిందో అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయంలో ఉంది. పుట్టినప్పటి నుంచి నడవలేనివాడు లేచి నడిచాడు. ఊరి జనం వీళ్ళిద్దరినీ దేవుళ్ళనుకుని ఎద్దులు, పూలదండలు తెచ్చారు. అయ్యో, మేమూ మీలాంటి మనుషులమే అని వీళ్ళు జనంలోకి పరుగెత్తారు. ఆ ఊరి జనానికి లేఖనాలు తెలియవు. అందుకే పౌలు అక్కడ వాక్యం విప్పలేదు. వాన గురించి మాట్లాడాడు. పంటకాలాల గురించి మాట్లాడాడు. మీ కడుపు నింపి, మీ గుండెల్లో సంతోషం నింపినవాడు ఆయనే అన్నాడు. వాళ్ళకు తెలిసిన వానతో మొదలుపెట్టాడు.

ఈ సంగతి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. నా స్నేహితురాలి తల్లి చనిపోయినప్పుడు నేను ఆమె పక్కన కూర్చుని ఒకదాని తర్వాత ఒకటిగా బైబిలు వాక్యాలు చెప్పాను. ఓదార్పు అనుకునే చెప్పాను. ఆమె తల వంచుకుని చీర కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. చివరికి, "ఇక చాలు, నన్ను కాసేపు వదిలెయ్" అంది. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. వాక్యాలలో తప్పు లేదు. ఆమె గొంతు ఒక్కసారైనా వినకుండా మాట్లాడటమే నేను చేసిన తప్పు.

చాలా నెలల తర్వాత మళ్ళీ కలిశాం. ఈసారి నేను ఏమీ సిద్ధం చేసుకుని వెళ్ళలేదు. ఆమె వాళ్ళమ్మ గురించి చెబుతుంటే విన్నాను. మధ్యలో ఎందుకో ఆ పిట్ట సంగతి వచ్చింది. మీకు చెప్పినట్టే చెప్పాను, పేగులు చిన్నవైపోవడం దాకా. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "అంత చిన్నదానికి అవన్నీ ఎవరు చెప్పారే?"

అప్పుడు చెప్పాను. నేను ఎవరిని నమ్ముతానో, ఎందుకు నమ్ముతానో. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆకాశం, సముద్రం, పిట్ట, ఇవి ఇచ్చేవాడు ఒకడున్నాడని చెబుతాయి. ఆయన మనల్ని ప్రేమించి సిలువ దాకా వచ్చాడన్న సంగతి మాత్రం ఏ పిట్టా చెప్పదు. అది మనిషి నోటితోనే చెప్పాలి. అడిగినప్పుడు చెప్పాలి. యేసు శిష్యుడు పేతురు అన్నట్టు సాత్వికంతో చెప్పాలి.

చివరగా పిచ్చుకల మాట చెప్పాను. మత్తయి సువార్తలో యేసు, కాసుకు రెండు పిచ్చుకలు అమ్ముతారు కదా అంటాడు. లూకా సువార్తలో రెండు కాసులకు ఐదు పిచ్చుకలు. లెక్క చూడండి. కాసుకు రెండు, రెండు కాసులకు నాలుగు. మరి ఐదోది? అది కొసరు. దానికి వెల లేదు. "అయినను వాటిలో ఒకటైనను దేవునియెదుట మరువబడదు" అన్నాడు ప్రభువు. కొసరుగా వేసిన ఆ ఐదోది కూడా.

ఆమె ఏమీ అనలేదు. నేనూ రెట్టించి అడగలేదు. వారం తర్వాత ఒక రాత్రి ఫోన్ చేసింది. గొంతు బొంగురుగా ఉంది. "మొన్న చెప్పావే, ఆ ఐదో పిచ్చుక. అది ఎక్కడుందో మళ్ళీ ఒకసారి చదువుతావా?" అంది.

లూకా సువార్త 12వ అధ్యాయం, 6వ వచనం. ఫోన్‌లోనే చదివాను.